పదకొండేళ్ల అనుభవం ఉన్న డిజైనర్ మెటల్ త్రీడీ ప్రింటింగ్ వైపు వెళ్లాలంటే

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రిగారు అడిగారు: మా అబ్బాయి పుణెలో పదకొండేళ్లుగా కాస్టింగ్, మెషీనింగ్ పార్టులు డిజైన్ చేస్తున్నాడండి, ఇప్పుడు వాళ్ల కంపెనీలో మెటల్ త్రీడీ ప్రింటింగ్ మొదలెట్టారు, తన అనుభవం ఇంక పనికిరాదేమోనని భయపడి ఉద్యోగం మానేసి లక్షన్నర కట్టి ఆరు నెలల సాఫ్ట్‌వేర్ కోర్స్ చేస్తానంటున్నాడు, చెయ్యనివ్వమంటారా?

వద్దండి. ఉద్యోగం మాత్రం అస్సలు మానొద్దని చెప్పండి, ఎందుకంటే నేర్చుకోవాల్సిన మెషీన్ వాళ్ల కంపెనీలోనే ఉంది, దాన్ని వదిలేసి బయట కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకుంటానంటే ఎలా చెప్పండి. టోపాలజీ ఆప్టిమైజేషన్ (బలం అక్కర్లేని చోట మెటీరియల్ తీసేయడం), లాటిస్ (లోపల జాలీలా గీయడం) లాంటివి చేసే సాఫ్ట్‌వేర్లు పదకొండేళ్లు క్యాడ్ మీద, అంటే కంప్యూటర్ డిజైన్ మీద పనిచేసినవాడికి కొన్ని వారాల్లో వచ్చేస్తాయి, కష్టం అక్కడ లేదు.

కష్టమంతా చేతికి అలవాటైపోయిన రూల్స్ దగ్గరుంది. కాస్టింగ్ డిజైనర్ ఏ పార్ట్ గీసినా అచ్చు సులువుగా ఊడేలా కొద్దిగా వాలు (డ్రాఫ్ట్ యాంగిల్) ఇస్తాడు, అచ్చు రెండు ముక్కలూ కలిసే గీత (పార్టింగ్ లైన్) చూస్తాడు, అచ్చుకి అడ్డంపడే లోపలి వంపు (అండర్‌కట్) లేకుండా జాగ్రత్తపడతాడు, ఇవన్నీ ఆలోచించకుండానే జరిగిపోతాయి. మెటల్ పౌడర్ ని లేజర్ తో పొరలు పొరలుగా కరిగించి పార్ట్ కట్టే ప్రింటింగ్ లో వీటి అవసరం పోతుంది కానీ వేరే రూల్స్ వస్తాయి, పార్ట్ ని ఏ దిక్కుగా నిలబెట్టి ప్రింట్ చెయ్యాలి, 45 డిగ్రీల కంటే పడుకున్న భాగాలకి సపోర్ట్ (పార్ట్ తో పాటే ప్రింట్ చేసే తాత్కాలిక ఆసరా) ఎక్కడ పెట్టాలి, ఆ సపోర్ట్ తర్వాత ఎలా తియ్యాలి, లోపల ఇరుక్కున్న పౌడర్ ఏ కన్నంలోంచి బయటికి రావాలి, ఇలాంటివి. ఇక లోడ్స్, ఫటీగ్ (పదే పదే లోడ్ పడి బలహీనపడటం), టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో), ఏ సర్ఫేస్ ఎక్కడ కూర్చోవాలి అనే జ్ఞానం మాత్రం కొత్తగా వచ్చే కుర్రాళ్లకి ఉండదు, మీ అబ్బాయికి ఉంది, అదేం వృథా కాదండి.

అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఏంటంటే పాత కాస్టింగ్ పార్ట్ ని ఉన్నదున్నట్టు ప్రింటింగ్ కి పంపేస్తారు, ఖర్చు బాగా పెరుగుతుంది, ఇది మనకి పనికొచ్చేది కాదని తేల్చేస్తారు. ఇస్రో వాళ్లు పీఎస్ఎల్వీ నాలుగో దశ ఇంజన్ ని ప్రింటింగ్ కోసం మళ్లీ డిజైన్ చేసి 2024 మే 9న 665 సెకన్ల పాటు మండించి పరీక్షించారు, అందులో 14 భాగాలు ఒక్క పీస్ అయ్యాయి, 19 వెల్డింగ్ జాయింట్లు పోయాయి, 565 కిలోల ముడిసరుకు పట్టే చోట 13.7 కిలోల పౌడర్ సరిపోయింది. ఆ 14 భాగాల్నీ విడివిడిగా ప్రింట్ చేసుంటే ఈ లాభం వచ్చేది కాదు. కాబట్టి మీ అబ్బాయి చూడాల్సింది తన పార్ట్ ఒక్కదాన్నే కాదు, చుట్టూ ఉన్న బోల్టులు, గాస్కెట్లతో కలిపి మొత్తం అసెంబ్లీని. అలా చూశాక కొన్నిటికి ప్రింటింగ్ దండగ అని తేలుతుంది, అది ధైర్యంగా చెప్పగలిగే డిజైనర్ కే విలువ ఎక్కువని నా అభిప్రాయం.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, తను ఇదివరకు గీసిన బ్రాకెట్టో మానిఫోల్డో (లోపల ఆయిల్ దారులుండే దిమ్మె) ఒకటి తీసుకుని మళ్లీ డిజైన్ చెయ్యమనండి. ఉదాహరణకి అందులో అడ్డంగా వెళ్లే పెద్ద గుండ్రటి రంధ్రం ఉందనుకోండి, అలాగే ప్రింట్ చేస్తే పైకప్పు వైపు కిందకి జారి గరుగ్గా వస్తుంది, లోపల సపోర్ట్ పెడితే అది తియ్యడానికి చెయ్యి పట్టదు. నీళ్లో ఆయిలో పారే దారైతే పైభాగాన్ని నీటిబొట్టు ఆకారంలో కొసదేలేలా మార్చొచ్చు, బేరింగ్ కూర్చునే చోటైతే తక్కువ సైజులో ప్రింట్ చేసి తర్వాత బోరింగ్ చేయించుకోవాలి. ఇలా ఒక్కో ఫీచర్ దగ్గర ఆగి ఎందుకు మార్చాడో రాసుకోమనండి.

ముందు ఇంట్లో ప్లాస్టిక్ ప్రింటర్ మీద చేసి చూడటం మంచిదే, కానీ ఒకటి గుర్తుంచుకోవాలి, ప్లాస్టిక్ లో సపోర్ట్ పార్ట్ ని కిందనుంచి మోస్తుందంతే, మెటల్ లో అది వేడిని పార్ట్ కింద ఉండే ప్లేట్ లోకి లాగుతుంది, పార్ట్ పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది కూడా. స్ట్రెస్ రిలీవింగ్ (వేడిచేసి లోపలి బిగువు తగ్గించడం) చెయ్యకుండా ప్లేట్ నుంచి కోస్తే పార్ట్ వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆపరేటర్ పక్కన నిలబడి పౌడర్ దులపడం దగ్గర్నుంచి సపోర్ట్ కొయ్యడం దాకా చూడమంటున్నాను.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఆ ప్లాస్టిక్ మోడల్ తీసుకుని విజయవాడ ఆటోనగర్ లో మిల్లింగ్ చేసే అన్న దగ్గరికి వెళ్లమనండి, ప్రింటయ్యాక బోరింగ్ లాంటివి చెయ్యాలంటే దీన్ని వైస్ లో ఎలా పడతావన్నా అని అడగమనండి. వంపులు తిరిగిన పార్ట్ కి పట్టుకునే చోటే ఉండదు, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఇక్కడ రెండు చదును మొహాలిస్తే పని అవుద్దంటాడు, ఆ మాట ఏ కోర్సులోనూ అంత సూటిగా దొరకదండి.

చదవడానికి త్రీడీ ప్రింటింగ్ డిజైన్ మీద అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎస్ఓ/ఏఎస్టీఎం 52910, మెటల్ లేజర్ ప్రింటింగ్ కి 52911 మొదటి భాగం ఉన్నాయి, కంపెనీ లైబ్రరీలో ఉంటాయేమో అడగమనండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ లో ఈ సబ్జెక్ట్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. ఆ లక్షన్నర దాచుకుని అందులో కొంత పెట్టి తను మార్చిన డిజైన్ ని ఒక సర్వీస్ బ్యూరోలో (డబ్బులు తీసుకుని ప్రింట్ చేసిచ్చే చోట) మెటల్ లో ప్రింట్ చేయించుకుంటే చాలు, వంగినా పగిలినా ఫోటోలతో సహా కారణం రాసి పెట్టుకోవాలి, ఇంటర్వ్యూలో అడిగేది అదే. ఈలోగా మేనేజర్ ని వారానికి ఒక పూటైనా ప్రింటింగ్ టీమ్ తో కూర్చోనివ్వమని అడగమనండి, కాదంటే అప్పుడు వేరే కంపెనీల గురించి మాట్లాడుకుందాం.