టామ్ మాన్ ఎవరు? ఆయన రూపొందించిన ఎరలు మన చెరువుల్లో పనికొస్తాయా?

మీరు రెండు సంగతులు అడిగారు: పాతతరం గాలం వేటగాళ్లు టామ్ మాన్ పేరును అంత గౌరవంగా ఎందుకు తలచుకుంటారన్నది ఒకటి, ఆయన ఎరలు తెలంగాణ చెరువుల్లో పనిచేస్తాయా అన్నది రెండోది. నాకు తెలిసినంతవరకు రెండింటికీ కలిపే జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు నాకు రెండోదాని ద్వారానే దొరికింది.

టామ్ మాన్ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, యుఫాలా అనే చిన్న పట్టణంలో ఉంటూ, బాస్ చేపల వేటకు వాడే కృత్రిమ ఎరలను స్వయంగా రూపొందించి, వాటితోనే పెద్ద పోటీల్లో పాల్గొన్న మనిషి. 2005లో కన్నుమూశారు. ఇంటి వంటగదిలో చిన్నగా మొదలుపెట్టిన పని తర్వాతి కాలంలో మాన్స్ బెయిట్ కంపెనీగా ఎదిగింది. బాస్ ఫిషింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. ఎరలు తయారుచేసి అమ్మేవాళ్లు ఎందరో ఉన్నారు, పోటీల్లో పేరు తెచ్చుకున్నవాళ్లూ ఎందరో ఉన్నారు. కానీ తాను పోసిన సీసపు ఎరను తానే నీళ్లలోకి విసిరి, తనకంటే తక్కువేమీ కాని వేటగాళ్ల మధ్య దాని సత్తా తేల్చుకునే అలవాటు ఉన్నవాళ్లు అరుదు. ఆయన మీద ఉన్న గౌరవానికి మూలం అదేనని నా అభిప్రాయం.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడు చేవెళ్ల, వికారాబాద్ వైపు చెరువుల మీద అక్కడి మత్స్యకారుల సహకార సంఘం పెద్దల అనుమతితో గాలం వేస్తుంటాను. టామ్ మాన్ ఎరలు నాకు అట్లాంటాలో ఉండే మా అన్నయ్య ద్వారా పరిచయమయ్యాయి. వాటిలో మొదటిది లిటిల్ జార్జ్.

దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చిన్న చేప ఆకారంలో పోసిన సీసపు ముద్ద, వీపు మీద దారం కట్టడానికి ఒక కన్ను, కడుపు కింద మూడు ముళ్ల గాలం, తోక చివర సన్నని తీగకు వేలాడే ఒక లోహపు రేకు, అంతే. అయితే నీళ్లలో వేసినప్పుడు ఆ అమరిక వెనుక ఉన్న ఆలోచన తెలుస్తుంది. బరువంతా చిన్న ముద్దలోనే ఉండటం వల్ల ఎదురుగాలిలో కూడా దూరం వెళ్తుంది, వేగంగా అడుగుకు చేరుతుంది, పైగా లాగుతున్నప్పుడే కాక కిందికి దిగుతున్నప్పుడు కూడా తోక రేకు తిరుగుతూనే ఉంటుంది. చేప తన పక్కల వెంట ఉండే పార్శ్వరేఖతో నీటిలోని కంపనాన్ని పసిగట్టగలదు కాబట్టి, నీళ్లు మట్టిరంగులో ఉండి కంటికేమీ ఆనని మన చెరువుల్లో ఆ రేకు చేసే కదలికే అసలు ఎర. కట్ట పొడవునా రాళ్లు పేర్చిన చోట, తూము దగ్గర లోతు ఉన్న చోట, సాయంత్రం వెలుగు తగ్గే వేళ దీన్ని వేస్తే వాలుగ బాగా స్పందిస్తుంది. దారం కొద్దిగా బిగువుగా ఉండేలా రాడ్ కొనతో పాటే ఎరను కిందికి దించాలి. దారాన్ని పూర్తిగా వదిలేస్తే, దిగేటప్పుడు చేప అందుకున్న సంగతి చేతికి తెలియదు. చాలా పట్లు ఆ దిగే క్షణంలోనే వస్తాయి.

ఆయన పేరును ఇంటింటికీ చేర్చిన ఎర మాత్రం జెల్లీ వర్మ్. మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన వానపాము ఆకారానికి స్ట్రాబెర్రీ, ద్రాక్ష వంటి పండ్ల వాసనలు కలిపి అమ్మడం ఆ రోజుల్లో చాలామందికి వింతగా తోచింది. ఆ వాసన చేపకు నచ్చుతుందా, లేక మన చేతి వాసనను కప్పివేస్తుందా అన్నదాని మీద వేటగాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నా అనుభవంలో వాసన కంటే మెత్తదనమే ముఖ్యం: గట్టి ఎరను నోట పెట్టుకున్న చేప వెంటనే ఉమ్మేస్తుంది, మెత్తనిదాన్ని కాసేపు పట్టుకుంటుంది, గాలం గుచ్చడానికి మనకు ఆ కాస్త వ్యవధి చాలు.

మన చెరువుల్లో బాస్ లేదు, కానీ కొర్రమీను ఉంది. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దాన్నే. బాస్‌లాగే అది కూడా మాటువేసి దాడిచేసే చేప. తామరాకుల కింద, గుర్రపుడెక్క అంచున, తుంగ మధ్య నిలబడి ఉంటుంది. అక్కడ లిటిల్ జార్జ్ వేస్తే నాచు తప్ప ఏమీ రాదు. జెల్లీ వర్మ్ లాంటి మెత్తటి పురుగునైతే గాలం ముల్లు దాని ఒంట్లోనే దాగి ఉండేలా గుచ్చి, ముందు చిన్న సీసం గుండు పెట్టి వేయవచ్చు; ఆకుల మీదుగా మెల్లగా జారి సందులో దిగుతుంది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి మధ్యమధ్య పైకి వస్తుంది కనుక, ఆ అలికిడి జరిగిన చోటును గమనించి కొంచెం ముందుకు వేయాలి. ఇప్పుడు మనవాళ్లంతా కప్ప ఆకారపు రబ్బరు ఎరల మీదే ఆధారపడుతున్నారు. అవి మంచివే, కానీ ఎండ ముదిరి చేప పైకి రావడానికి ఇష్టపడని వేళ నేను పురుగువైపే మొగ్గుతాను.

టామ్ మాన్ గురించి నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఆయన చేపలను గమనించిన తీరు. బాస్ చేపలను పెద్ద తొట్లలో పెంచి, ఎరల పట్ల అవి ఎలా ప్రవర్తిస్తాయో ఓపికగా చూసేవారు. 1973లో స్ట్రాబెర్రీ జెల్లీ వర్మ్‌తో పట్టిన ఒక బాస్ మిగతావాటికంటే భిన్నంగా కనిపించడంతో దాన్ని వండుకోకుండా, అమ్మకుండా, లెరాయ్ బ్రౌన్ అని పేరు పెట్టి పెంచుకున్నారు. అది చనిపోయినప్పుడు జరిగిన అంత్యక్రియలకు వందల మంది వచ్చారు, దానికొక పాలరాతి స్మారకం కూడా కట్టించారు. ఈ కథ చెప్పి నవ్వేవాళ్లను చూశాను. నాకు మాత్రం చేపను దగ్గరగా, ఏళ్ల తరబడి చూసిన మనిషికి దాని మీద కలిగే మమకారం అందులో కనిపిస్తుంది.

పోటీల సంగతికొస్తే, రే స్కాట్ అనే ఆయన 1967లో ఆర్కన్సాలోని బీవర్ సరస్సులో పెద్ద బాస్ పోటీ నిర్వహించి, మరుసటి ఏడాది అలబామాలోనే బి.ఎ.ఎస్.ఎస్. అనే బాస్ వేటగాళ్ల సంస్థను స్థాపించారు. ఆ తొలి తరం పోటీదారుల్లో టామ్ మాన్ ఒకరు. 1972 నుంచి ఆ సంస్థ, పట్టిన చేపను చంపవద్దన్న ప్రచారాన్ని చేపట్టి, చేపలను పడవలోని నీటితొట్టిలో బతికించి తెచ్చి, తూచి, తిరిగి నీళ్లలో వదిలే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. నీటి లోతును, అడుగును చూపే హమ్మిన్‌బర్డ్ పరికరాల సంస్థ కూడా యుఫాలాలోనే 1971లో మొదలైంది. దాని పుట్టుకలోనూ టామ్ మాన్ పాత్ర ఉంది.

పట్టిన చేపను తిరిగి వదిలే ఆ అలవాటు మన కొర్రమీను విషయంలో ఇంకా అవసరం. వానాకాలంలో ఎర్రగా, గుంపుగా నీటిపైన కదిలే పిల్లల కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలోకి ఎర వేస్తే కోపంతో వెంటనే దాడిచేస్తాయి, పట్టడం చాలా తేలిక. దయచేసి అలా పట్టవద్దు. కాపలా పోయిన పిల్లలు ఇతర చేపలకు, కొంగలకు ఆహారమైపోతాయి, చెరువు మీద బతికే సంఘం కుటుంబాలకు ఆ నష్టం నేరుగా తగులుతుంది.

మీరు కొత్తగా మొదలుపెడుతున్నట్లయితే మెత్తటి పురుగుల ప్యాకెట్ ఒకటి, ముదురు రంగుది, కొనుక్కోండి. లిటిల్ జార్జ్ దొరికితే తూమున్న లోతైన చెరువుకు మాత్రమే తీసుకెళ్లండి, తోక రేకు తీగ వంగకుండా విడిగా డబ్బాలో పెట్టుకోండి. సీసం కరిగించి ఇంట్లోనే అలాంటివి పోయాలనుకుంటే ఆ పొగ ప్రమాదకరం కాబట్టి వంటింట్లో వద్దు, పిల్లలకు దూరంగా ఆరుబయట చేయండి. ఏ చెరువుకు వెళ్లినా ముందు సంఘం పెద్దలను కలిసి అడగండి; వాలుగ ఏ మూల తిరుగుతుందో కూడా వాళ్లే చెబుతారు.