పోకర్ ఆడి బతుకుతానన్న మేనల్లుడికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

మధురవాడలో ఉద్యోగం మానేసి ఆన్‌లైన్ పోకర్‌నే వృత్తిగా పెట్టుకుంటానని నువ్వు పంపిన సందేశం చదివాను. పోకర్‌లో నైపుణ్యం ఉన్న మాట నిజమే. బ్యాంకు ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉన్నప్పుడు నేనూ క్లబ్బు టేబుళ్ల దగ్గర కూర్చున్నవాణ్ణే. అయితే ఆట గెలవడం వేరు, ఆ గెలుపుతో నెలనెలా ఇల్లు నడపడం వేరు.

ముందుగా చట్టం సంగతి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అందులో ఆడేవాడికి శిక్ష లేదని నువ్వు వాదిస్తావు, కానీ మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆడేవాణ్ణి కూడా శిక్షార్హుణ్ణి చేసింది.

ఏజెంటు ద్వారా విదేశీ యాప్‌లో ఆడవచ్చన్న ఆలోచన నన్ను మరింత భయపెడుతోంది. ఏజెంటు నీ గెలుపు డబ్బును ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఖాతా నుంచి యూపీఐలో పంపుతాడు; ఆ ఖాతా మీద ఎక్కడో ఎవరో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు చేరిన నీ ఖాతా కూడా స్తంభించిపోవచ్చు. అలా చిక్కుకున్న ఒక కుర్రాడు, పాలవాడికి ఇవ్వడానికి కూడా డబ్బు తీసుకోలేక, పాస్‌బుక్ పట్టుకుని మా కౌంటరు ముందు నిలబడటం నేను చూశాను. డబ్బు ఎందుకు వచ్చిందో పోలీసులకు రాసివ్వమంటే అతడు ఏమని రాస్తాడు?

ఇవేవీ లేవనుకున్నా లెక్క నీకు అనుకూలంగా లేదు. సైటు తన రేక్, అంటే పందెం సొమ్ములోంచి తీసుకునే కమీషన్, కోసుకున్నాక కూడా వంద హ్యాండ్లకు (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) 5 బిగ్ బ్లైండ్లు (పంపకానికి ముందే తప్పనిసరిగా పెట్టే పెద్ద పందెం, ఆటలో కొలమానం) మిగుల్చుకునే గట్టి ఆటగాడివే అనుకుందాం. పందేనికి పరిమితి లేని పోకర్ రకమైన నో లిమిట్ హోల్డెమ్‌లో అదే వంద హ్యాండ్లకు ఒడిదుడుకు సుమారు 90 బ్లైండ్లు ఉంటుంది. ఆ లెక్కన 10,000 హ్యాండ్లకు సగటున 500 రావాలి గాని ఊగిసలాట పదింతలై సుమారు 900 ఉంటుంది కాబట్టి, నీ అంతటి ఆటగాళ్లు పదిమందిలో ముగ్గురు నష్టంతోనే లేస్తారు. లక్ష హ్యాండ్లంటే, నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరిచి ఆడేవాడికి కూడా రెండు మూడు నెలల పని. అంత ఆడాక కూడా వందలో నలుగురికి నష్టమే మిగులుతుంది. మన చేపలరేవు మరబోట్ల వాళ్లు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఉండదని ముందే తెలిసి సర్దుకుంటారు, పోకర్‌లో కరువు నెలకు తారీఖు ఉండదు. పైగా ఏడాది మొత్తం మీద మిగిలిన గెలుపుపై 30 శాతం పన్ను కట్టాలి, నష్టం వచ్చిన ఏడాదిని మరుసటి ఏడాదితో సర్దుకునే వీలూ లేదు.

ఆటను చట్టం ఒప్పుకునే దేశానికి వెళ్లి ప్రయత్నిస్తానంటే అడ్డుపడను. అప్పుడైనా ఏడాది ఇంటి ఖర్చును వేరే ఖాతాలో ఉంచి, నువ్వు ఆడే స్థాయికి కనీసం వంద బై-ఇన్‌లు (ఒక టేబుల్ దగ్గర కూర్చోవడానికి పెట్టే మొత్తం ఒక బై-ఇన్) చేతిలో పెట్టుకో. పీఎఫ్ జోలికి, లోన్ యాప్‌ల జోలికి వెళ్లవద్దు.

రాజీనామా పత్రం ఇంకా ఇవ్వకపోతే ఆపు. నువ్వు ఆడిన రోజుల హ్యాండ్ల చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని ఆదివారం భోజనానికి రా. ఎంత వేశావో, ఎంత వెనక్కి తీశావో ఇద్దరం కలిసి లెక్క కడదాం.

మీ మామయ్య