సెలవు ప్రయాణంలో కుటుంబమంతా కలిసి దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం ఎలా?

పిల్లలతో వారం రోజులు సెలవులకు వెళ్తే ఇంట్లో రోజూ చేసుకునే సాయంత్ర ప్రార్థన ఆగిపోతోందని, కృతజ్ఞత ఎలా నిలుపుకోవాలని అడిగారు. ఇంటి అలవాటును ఉన్నదున్నట్టు మోసుకెళ్తే రెండో రోజుకే తప్పుతుంది. ప్రయాణంలో ఎలాగూ జరిగే పనులకే ప్రార్థనను ముడిపెట్టండి.

అన్నిటికన్నా ముందు కతోలిక చర్చిలో ఆదివారం జరిగే పూజ (మాస్). అందులో క్రీస్తు శరీరంగా స్వీకరించే దివ్యసత్ప్రసాదాన్ని గ్రీకులో ‘యూకరిస్తియా’ అంటారు, ఆ మాటకు అర్థమే కృతజ్ఞత. దగ్గర్లోని చర్చి ఏది, పూజ ఎన్నింటికి, ఏ భాషలో అన్నది బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. నెట్‌లో కనిపించే వేళలు పాతవై ఉండొచ్చు. ఆదివారం దారిలో ఉంటారనుకుంటే శనివారం సాయంత్రం పూజ చెల్లుతుంది. సత్ప్రసాదం తీసుకోవడానికి కనీసం గంట ముందు నుంచి నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. ఆ గంటను సత్ప్రసాదం స్వీకరించే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి, పూజ మొదలయ్యే వేళ నుంచి కాదు. బస చేసిన చోట ఫలహారం పెట్టే వేళ దీనికి అడ్డొస్తుంది, ముందురోజు రాత్రే చూసుకోండి. గురువు (ఫాదర్) లేక నిజంగా పూజ దొరకని చోట కుటుంబమంతా కూర్చుని కొంతసేపు ప్రార్థించమని తిరుసభ (కతోలిక సంఘం) చట్టమే సూచిస్తోంది. అప్పుడు ఆనాటి సువిశేషం చదువుకోవచ్చు.

కారులోనో రైల్లోనో జపమాల మొత్తం చెప్పించబోతే చిన్నపిల్లలు విసుక్కుంటారు. ఒక్క రహస్యం, అంటే పది పూసల భాగం చాలు. ఒక్కో పూసకు మరియమ్మను వేడుకుంటూ చెప్పే ప్రతి మంగళవార్త జపానికి ముందు ఒకరు ఒక్క విషయానికి కృతజ్ఞత చెప్పాలి, వంతులవారీగా. పది పూసలకు పది విషయాలు. “అన్నిటికీ వందనాలు” అంటే ఒప్పుకోకండి, ఈ రోజు జరిగినదే చెప్పాలి. పిల్లవాడు ఈతకొలను పేరు చెబితే అదే ఉండనివ్వండి. దిద్దితే రేపటి నుంచి మీకు నచ్చే జవాబే చెబుతాడు. “ఇది కూడా లేనివాళ్లు ఎంతమందో” అని పోల్చి చూపించకండి, అక్కడ పిల్లలకు మిగిలేది అపరాధభావమే.

రాత్రికి యేసుసభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మశోధన సరిపోతుంది. అందులో మొదటి మెట్టే పొందిన మేలులకు కృతజ్ఞత. తర్వాత తప్పులు తెలుసుకునే వెలుగు కోరడం, రోజంతా తిరిగి చూసుకోవడం, క్షమాపణ అడగడం, రేపటికి తీర్మానం. పది నిమిషాలు చాలు. మంచమెక్కాక మొదలుపెడితే సగంలోనే నిద్రపోతారు, భోజనానికి ముందే ముగించండి.

గొడవలు పడిన రోజునో, ఎవరికైనా జ్వరం వచ్చిన రోజునో కృతజ్ఞత బలవంతంగా పలికించవద్దు. “ప్రతి పరిస్థితిలోనూ కృతజ్ఞతలు చెల్లించండి” అన్న పౌలుగారు జ్వరానికే వందనాలు చెప్పమనలేదు. ఆ రోజు సాయపడినవాళ్ల పేర్లు తలచుకుని వాళ్లకోసం ఒక పరలోక జపం చెప్పండి. గది శుభ్రం చేసినవాళ్లకు వెళ్లేముందు పిల్లల చేతనే ధన్యవాదాలు చెప్పించండి.