పిల్లాణ్ణి బ్రెయిన్ స్కాన్ స్టడీకి పంపొచ్చా అంటే...

"13 ఏళ్ళ బాబుని యూనివర్సిటీ వాళ్ళ బ్రెయిన్ స్కాన్ స్టడీకి పంపితే డేంజరా" అని అడిగారు కదా. ఏం కాదండీ, ఎమ్మారై అంటే అయస్కాంతం, ఎక్స్‌రేలాగా రేడియేషన్ ఉండదు. మావాణ్ణి పంపాను కాబట్టే చెప్తున్నా. ఇక్కడ అమెరికాలో ఏబీసీడీ అని పిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో చూసే పెద్ద స్టడీ ఒకటుంది, 2016లో మొదలెట్టి 9-10 ఏళ్ళ పిల్లల్ని దాదాపు 12 వేలమందిని చేర్చుకుని రెండేళ్ళకోసారి స్కాన్ తీస్తున్నారు. మావాడు వెళ్ళింది అది కాదులెండి, ఊళ్ళోనే చిన్నది.

ముందు ఉత్తుత్తి మెషీన్‌లో పడుకోబెట్టి, ఆ టకటక చప్పుడు వినిపించి, కదలకుండా ఉండటం ప్రాక్టీస్ చేయించారు. తర్వాత ఒంటిమీద మెటల్ ఏమన్నా ఉందా అంటే మావాడు లేదనేసి నావైపు అదోలా చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది, మొలతాడు! సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మ కట్టిన వెండిది, పైగా దానికో రాగి తాయెత్తు. వెండీ రాగీ అయస్కాంతానికి అంటుకోవు కదా అని నేను ఇంజినీరింగ్ తెలివి చూపించబోతే, ఆ టెక్నీషియన్ అమ్మాయి అంటుకోవు గానీ వేడెక్కుతాయి, నడుం చుట్టూ ఉన్నది అసలు కుదరదు అంది. కొక్కెం బిగుసుకుపోయింది, బాత్రూమ్‌లో తండ్రీకొడుకులం పావుగంట కుస్తీ పట్టాం.

కానీ నాకు నచ్చింది వేరే. నా సంతకం ఒక్కటే సరిపోదట, వాడికి విడిగా ఇంకో కాయితం ఇచ్చి, నీకు ఇష్టమేనా అని వాణ్ణే అడిగారు. లోపల వద్దనిపిస్తే చేతిలో బంతి నొక్కు, వెంటనే బయటికి తీసేస్తాం, ఎందుకని కూడా అడగం అన్నారు. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మ్యాథ్స్ ట్యూషన్ మధ్యలో లేచొచ్చేయడానికి మనం ఎప్పుడన్నా బంతి ఇచ్చామా చెప్పండి?

మా ఫ్రెండ్స్‌కి చెప్తే అందరిదీ ఒకటే ప్రశ్న, కాలేజీ అప్లికేషన్‌లో పనికొస్తుందా అని. ఒక్కడు కూడా ఆ స్కాన్‌లో ఏం చూస్తారురా అని అడగలేదు. వెళ్ళినందుకు ఇస్తామన్న గిఫ్ట్ కార్డ్ కూడా రెండు నెలలు తిప్పించుకుని ఇచ్చారు, దానికోసమైతే వెళ్ళకండి. పళ్ళకి క్లిప్పులుంటే మాత్రం ముందే ఫోన్ చేసి అడగండి, చాలా స్టడీల్లో తీసుకోరు.

చివర్లో వాడి మెదడు ఫొటో ఒకటి ఇచ్చారు. వాట్సాప్‌లో మా అమ్మకి పంపితే, దిష్టి తగులుద్ది ఎవరికీ చూపించకు, ఇంతకీ మొలతాడు ఒంటిమీదే ఉందా అంది. ఉందమ్మా అన్నాను.