ట్రైనింగ్‌కి వచ్చే కుర్రాళ్లతో కలిసొస్తుందా?

ప్రశ్న: చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. 14 మంది పనిచేస్తున్నారు. ఒంగోలులోని ఒక పాలిటెక్నిక్ వాళ్లు నలుగురు విద్యార్థుల్ని ఆరు నెలల ట్రైనింగ్‌కి తీసుకోమంటున్నారు. మాకు కలిసొస్తుందా? పాలిష్ చేసిన అడుగుల లెక్కన డబ్బులిస్తే చాలా? రేపు ఉద్యోగం ఇమ్మని కేసు వేస్తారని మా అన్నయ్య భయపెడుతున్నాడు.

జవాబు: మీ అన్నయ్యగారు భయపడాల్సింది ఆ కేసుకి కాదు. క్రేన్ మీది స్లాబ్ జారి కుర్రాడి కాలి మీద పడితే వచ్చే కేసుకి.

కాలేజీ పంపే విద్యార్థి వేరు, 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకుని చేరే అప్రెంటిస్ వేరు. విద్యార్థి విషయంలో కాలేజీ ఉత్తరం ఒక్కటే చాలదు. అతను పని నేర్చుకుంటున్నాడా, కూలీ బదులు నిలబడ్డాడా అన్నది చూస్తారు. ఆపరేటర్ రాలేదని రాత్రి షిఫ్టులో స్లాబుల్ని వరసగా పాలిష్ చేసే లైన్ పాలిషర్ మెషిన్ అతనికి అప్పజెప్పారనుకోండి, కనీస వేతనం ఏదీ, ఈఎస్ఐ ఏదీ అని అడిగే అవకాశం మీరే ఇచ్చినట్టు. అప్రెంటిస్ అయితే 18వ సెక్షన్ ప్రకారం వర్కర్ కిందకి రాడు. మీ అంత యూనిట్‌కి అప్రెంటిస్‌లను తీసుకోవడం ఇష్టాన్ని బట్టి. 30 మంది, ఆపైన ఉంటే తప్పనిసరి.

అడుగుల లెక్క వద్దే వద్దు. అప్రెంటిస్‌కి పీసు రేటు ఇవ్వకూడదని 13వ సెక్షన్, అనుమతి లేకుండా ఓటీ చేయించకూడదని 15వ సెక్షన్ చెబుతున్నాయి. విద్యార్థులకూ అదే పద్ధతి పాటించండి: నెలకింత స్టైపెండ్, అదీ బ్యాంకు ఖాతాలోకే.

అప్రెంటిస్‌కి దెబ్బ తగిలితే 16వ సెక్షన్ కింద పరిహారం మీదే. విద్యార్థులకి ప్రమాద బీమా ఎవరు కట్టాలో కాలేజీతో ముందే కాగితం మీద తేల్చుకోండి. మాస్కు, బూట్లు, హెల్మెట్ ఇచ్చి సంతకం తీసుకోండి. రాయి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైతే ఆ జబ్బు ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. ఇంకొకటి, 10 మంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ట్రైనీలూ అందులో ఫిర్యాదు చేయొచ్చు.

ఇక కలిసొస్తుందా అంటారా, చవగ్గా పని జరుగుతుందనైతే తీసుకోకండి. మొదటి రెండు నెలలు మీ సీనియర్ ఆపరేటర్ సమయం వాళ్లకే పోతుంది. నలుగురిలో ఒకరు మెషిన్ మెయింటెనెన్స్‌కి పనికొస్తాడేమో చూసుకోవడానికైతే తీసుకోవచ్చు; నా సలహా, మొదట ఇద్దరితో మొదలుపెట్టండి. డిప్లొమా పూర్తయ్యాక అతన్నే కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పథకంలో చేర్చుకుంటే, కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వం భరిస్తుంది.

ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం అనదు. మీరే ఒప్పందంలో ఆ మాట రాస్తే మాత్రం 22వ సెక్షన్ ప్రకారం ఇవ్వాల్సిందే. సంతకం చేసేముందు ఆ ఒక్క పేరా మీ అన్నయ్యగారితో చదివించండి.