ఎత్తు చెప్పినా నమ్మని ల్యాండర్

ప్రశ్న: చంద్రుడి మీద జీపీఎస్ లేదు కదా, దిగే ల్యాండర్‌కి తానెక్కడుందో ఎలా తెలుస్తుంది? అంత దూరం సవ్యంగా వెళ్లినవి చివర్లోనే ఎందుకు కూలిపోతున్నాయి?

జవాబు: కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిని ఊహించుకోండి. ల్యాండర్ దిగడం మొదలుపెట్టేదీ అలాగే. వేగం ఎంత మారింది, ఎటు తిరిగాను అని లోపలి పరికరాలతో లెక్క వేసుకుంటూ పోతుంది. మొదట్లో వేగం సెకనుకు 1.7 కిలోమీటర్లు. అడుగడుక్కీ వచ్చే చిన్న తప్పులు పేరుకుపోతాయి. అందుకే కిందికొచ్చేకొద్దీ కళ్లు తెరవాలి, అంటే ఎత్తు కొలిచే పరికరాలనూ కెమెరాలనూ నమ్ముకోవాలి. భూమిని అడిగి జవాబు తెచ్చుకోవడానికి రెండున్నర సెకన్లు పడుతుంది, కాబట్టి నిర్ణయాలన్నీ దానివే.

అసలు చిక్కు, లెక్క ఒకటి చెప్పి కన్ను ఇంకొకటి చెప్పినప్పుడు. 2023 ఏప్రిల్‌లో జపాన్ కంపెనీ ఐస్పేస్ వాళ్ల హకుతో-ఆర్ ల్యాండర్ చంద్రుడి మీది అట్లాస్ అనే బిలం (పెద్ద గుంత) అంచు దాటింది. కింద నేల ఒక్కసారిగా సుమారు 3 కిలోమీటర్లు పడిపోయింది. ఎత్తు కొలిచే పరికరం ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంత తేడానా, పరికరమే పాడైందనుకుని కంప్యూటర్ ఆ కొలతను పక్కన పెట్టేసింది. నేల దగ్గరికొచ్చాననుకుంటూ 5 కిలోమీటర్ల ఎత్తున మెల్లగా దిగుతూనే ఉంది. ఇంధనం అయిపోయి పడిపోయింది. డిజైన్ ఖరారయ్యాక దిగే చోటు మార్చారు, కొత్త దారిలోని ఆ అంచును ముందస్తు పరీక్షల్లో సరిగా చూసుకోలేదు. నిజం చెప్పిన పరికరాన్ని నమ్మకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

చంద్రయాన్-2 కూలిపోయిన కథ వేరు. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున టీవీ ముందు కూర్చున్నాను. అనుకున్న దారిని చూపే ఎర్ర గీత మీదుగా వస్తున్న ఆకుపచ్చ గీత, అంటే ల్యాండర్ అసలు దారి, 2.1 కిలోమీటర్ల ఎత్తు దాటాక పక్కకు జరిగింది. నా పక్కనున్నవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంగా తోశాయి, సరిదిద్దుకునే వెసులుబాటు చాలలేదు, పైగా దిగాల్సిన చోటు 500 మీటర్ల చతురస్రమే. చంద్రయాన్-3కి ఆ చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరమూ చేర్చారు. 2023 ఆగస్టు 23న దాని ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద నిలబడింది.

2024 జనవరిలో జపాన్ వారి స్లిమ్ ల్యాండర్, కింద కనిపించే బిలాలను తన పటంతో పోల్చుకుంటూ దిగి, అనుకున్న చోటికి 55 మీటర్ల దూరంలోనే ఆగింది. దక్షిణ ధ్రువం దగ్గర ఈ పద్ధతికీ కష్టమే. అక్కడ సూర్యుడు దిగంతాన్ని ఒరుసుకుంటూ ఉంటాడు, నీడలు బారుగా సాగుతాయి, పటంలోని బిలం కళ్లెదుట మరోలా కనిపిస్తుంది. 2025 మార్చిలో అమెరికా కంపెనీ ల్యాండర్ అథీనా అక్కడికే వెళ్లింది. ఎత్తు కొలిచే పరికరం సరిగా పలకలేదు, నీడల్లో బిలాలు పోల్చుకోవడం కష్టమైంది. ఓ బిలంలో పక్కకు ఒరిగిపోయింది.