ఆ 20 వేలు ఎందుకివ్వాలి?

ప్రశ్న: మాది అనంతపురం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ బెంగళూరు కేఆర్ పురంలో అద్దెకుంటున్నాం. వైట్‌ఫీల్డ్ దగ్గర 85 లక్షల ఫ్లాట్ చూశాం. హోమ్ లోన్ కోసం బిల్డర్ ఆఫీసువాళ్ళు ఒకాయన నంబరు ఇచ్చారు. మా వీధిలో ఒక తెలుగాయన కూడా ఇదే పని చేస్తారు, ఫైలు చార్జీలని ముందే 20 వేలు అడుగుతున్నారు. మనవాడే కదా ఇచ్చేయండి అంటారు మా అత్తగారు. మావారేమో నేరుగా బ్యాంకుకే పోదామంటారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆ 20 వేలు మాత్రం ఇవ్వకండమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మనం లోన్ బ్రోకరు అనే మనిషిని బ్యాంకువాళ్ళు డీఎస్ఏ అంటారు, అంటే బ్యాంకుకి గిరాకీ తెచ్చిపెట్టే ఏజెంటు, మీ లోన్ డబ్బు విడుదలయ్యాక ఆయన కమీషన్ బ్యాంకే ఇస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు మీరు కట్టాల్సినవే, కాకపోతే బ్యాంకుకి కట్టి రసీదు తీసుకోవాలి, ఆయన ఫోన్ నంబరుకి కొట్టేవి కావు.

తెలుగులో మాట్లాడే మనిషి దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది, కాదనను. కన్నడ పత్రాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు మరీనూ. దానివల్ల వడ్డీ అయితే తగ్గదు.

నేను ఇల్లు కొన్నప్పుడు ఇలాగే ఒకాయన చేతిలో పాన్, జీతం స్లిప్పులు పెట్టేసి నిశ్చింతగా ఉన్నాను. ఆయన నాకు చెప్పకుండా వారంలో ఐదు బ్యాంకులకు నా ఫైలు తిప్పాడు. ఆఖరి బ్యాంకులో ఆఫీసరు కంప్యూటర్ నావైపు తిప్పి, వరసగా ఉన్న నాలుగు పేర్లు వేలితో చూపిస్తూ, "వీళ్ళందరూ ఎందుకివ్వలేదు సార్?" అన్నాడు. అప్లికేషన్ వేసిన ప్రతిసారీ సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ రికార్డులో, ఎంక్వైరీ పడుతుందని అప్పుడు తెలిసింది. అందుకే ఎవరికిచ్చినా, ఏ బ్యాంకుకి పంపుతున్నారో మీకు చెప్పాకే పంపాలని ముందే మాట తీసుకోండి. జిరాక్సుల మీద ఆ బ్యాంకు పేరు, తేదీ రాసి సంతకం పెట్టండి.

బిల్డర్ మనిషితో ఒక లాభం ఉంది, ఆ ప్రాజెక్టుని ఇప్పటికే ఆమోదించిన బ్యాంకు అయితే ఫైలు చకచకా కదులుతుంది. అయినా ముందు మీ జీతం పడే బ్యాంకులో వడ్డీ ఎంతో అడిగి, ఆ తర్వాతే ఆయన దగ్గరికి వెళ్ళండి. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి లోన్లకు బ్యాంకులు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, ఫీజులన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. రెండు బ్యాంకులవీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్సూరెన్స్ తీసుకోకపోతే లోన్ రాదని ఎవరైనా అంటే ఆ మాటే రాసిమ్మనండి, రాసివ్వరు.

డబ్బు సంగతి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి రిజర్వ్ బ్యాంక్ పరిమితి ఇంటి విలువలో 80 శాతం, అంటే మీకు మహా అయితే 68 లక్షలు. 17 లక్షలు మీ చేతిలో ఉండాలి. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్‌కి ఇంకో ఆరున్నర లక్షల దాకా అవుతుంది, దాన్ని ఇంటి విలువలో కలపరు. వంద శాతం లోన్ ఇప్పిస్తాననే బ్రోకరుకి ఓ నమస్కారం పెట్టి వచ్చేయండి. బీ ఖాతా అయినా పర్లేదు, నేను చూసుకుంటా అనేవాడికీ అంతే. ఇక్కడ ఖాతా అంటే బ్యాంకుది కాదు, కార్పొరేషన్‌లో ఉండే ఆస్తి రికార్డు; అనుమతులు సరిగా లేని ఆస్తులకు ఇచ్చేది బీ ఖాతా. ఈ-ఖాతా (ఆ రికార్డు ఆన్‌లైన్ కాపీ), పాత దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) మీరు పెట్టుకున్న వకీలుకే చూపించండి, బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం.

ఇద్దరికీ జీతాలున్నాయి కాబట్టి మీవారి మాటే నాకు నచ్చింది. 1వ, 3వ శనివారాలు బ్యాంకులు తెరిచే ఉంటాయి, ఓ రెండు పూటలు తిరిగితే పోయేదేం లేదు. అత్తగారికి నచ్చజెప్పే పని మాత్రం మీవారికే వదిలేయండి.